నాలుగో నంబరు రైఫిల్

పేరుకి చెక్క అంటాం గానీ
ఇది అల్యూమినియం.
పొడవు జరుగుతుంది, చెంపబిళ్ళ లేస్తుంది, మడమ వంగుతుంది.
ఎవరికైనా సరిపోతుందని డబ్బా మీద రాసుంది.
ఎవరికైనా సరిపోయేది
ఎవరికీ సరిపోకుండానే వస్తుంది.
ముప్పై ఏళ్ళు షిప్‌యార్డులో ఫిట్టర్ని, నాకు తెలుసు.

మైలపల్లి నూకరత్నం, పదిహేనేళ్ళు, పెదజాలారిపేట.
గుండ్లన్నీ ఒక్కచోటే పడుతున్నాయి.
ఆ చోటు మాత్రం నడిమధ్య కాదు,
కుడికి, కిందికి, ఓ చింతగింజంత.
"సైటు తిప్పేద్దాం మేస్టారూ" అన్నాడు భరణి.
సైటు తిప్పితే గుండు మధ్యకొస్తుంది,
పిల్ల మెడనొప్పి ఎక్కడికి పోతుంది?

కళ్ళు మూసుకో అన్నాను.
మూసుకునే ఎత్తు, భుజానికి ఆనించు, మూడు ఊపిర్లు.
ఇప్పుడు తెరు. ఏం కనిపిస్తోంది?
"నెలవంక మేస్టారూ. నల్లగా. వలయానికి ఓ పక్కన."

కళ్ళు తెరిచుంటే అది కనపడదు.
తెరిచున్నంతసేపూ మనిషి సర్దుకుపోతుంది,
మెడ సాచి, భుజం ఎత్తి, నడుం తిప్పి
ఆ సామానుకి మర్యాద చేస్తుంది.

మడమ కింద నా చూపుడువేలు దూరింది.
పైకొస ఒక్కటే ఎముకని పొడుస్తోంది.
ఇంతకుముందు దీన్ని వాడినవాడు
గోపాలపట్నం కుర్రాడు, ఆరడుగులు.
పోలీసు సెలక్షన్లకి వెళ్ళిపోయాడు
తన చేతుల పొడవు ఇక్కడే వదిలేసి.

తల వంచమ్మా, బరువు దాని మీద వెయ్యమ్మా అని
నెల్లాళ్ళుగా అరుస్తున్నాను.
వంచదు.
మొండిదనుకున్నాను.
మొన్న ఆదివారం ఫిషింగ్ హార్బర్‌లో చూశాను.
నెత్తిన కానాగంతల తట్ట, నీళ్ళు కారుతూ,
తడిమెట్ల మీద చేతులు వదిలేసి ఎక్కుతోంది,
చూపు ముందుకి, మెడ నిలువుగీత.
తట్టలో ఒక్క చేప కదల్లేదు.
ఆ మెడనా
నేను వంచమంటున్నది?

సోమవారం అలెన్ కీ తీశాను.
మర తిరగలేదు.
సముద్రం మూడు కిలోమీటర్ల దూరం,
దాని ఉప్పు మాత్రం మర గాడిలోనే కాపురం.
కిరసనాయిలు చుక్క, ఓ టీ తాగినంత సేపు, ఓ చిన్న దెబ్బ.
కిర్రుమంది.
రెండు బిళ్ళలు తీసి పొడవు తగ్గించాను. పది గుండ్లు. రాసుకున్నాను.
మడమ కిందికి దించి, కాస్త వంచాను. పది గుండ్లు. రాసుకున్నాను.
రెండూ ఒకేసారి మార్చకూడదు,
రోగం కుదిరినా మందేదో తెలీదు.
చివరికి చెంపబిళ్ళ, వెంట్రుకవాసి చొప్పున పైకి.
"నెత్తిన తట్ట ఉందనుకో. నువ్వు కదలకు. అదే వస్తుంది."
వచ్చింది.
కళ్ళు మూసి, తెరిచి, కాసేపు ఏమీ అనలేదు.
"పున్నమే మేస్టారూ."

రెండు దాటాక గుండ్లు మళ్ళీ చెదిరాయి.
అరగంట తల పట్టుకున్నాను.
ఏమీ లేదు, చెమట!
పొద్దున్న అట్టలా ఉన్న కేన్వాసు కోటు
వైశాఖం ఉక్కకి తడిగుడ్డయిపోయింది.
భుజం దగ్గర రెండు మిల్లీమీటర్లు పల్చన.
అదీ రాశాను: మధ్యాహ్నమైతే ఓ సన్నబిళ్ళ.

ఐదింటికి బేచ్ మారుతుంది.
రైఫిల్ ఒకటి, పిల్లలు నలుగురు,
నోటుపుస్తకంలో తలో పేజీ.
భరణికి పొడవు పెంచాలి, చెంప దించాలి.
కీ చేతిలోకి తీసుకున్నాను.
నూకరత్నం కోటు విప్పింది గానీ పోలేదు.
"ఈ ఒక్క రేత్రికి ఒగ్గేయండి మేస్టారూ.
నాలాగే ఉండనీండి దాన్ని."

భరణి గోడకేసి చూశాడు.
"నాకివాళ మెడ పట్టేసింది" అన్నాడు,
మెడ అటూ ఇటూ బాగానే తిప్పుతూ.

పెట్టెలో పెడితే మూత పడలేదు,
చెంపబిళ్ళ ఎత్తుగా ఉంది కదా.
పైన తువ్వాలు కప్పి
గదికి తాళం వేశాను.