గానుగ గుర్తు

కొల్లాపూర్ల ఎరువుల దుకాణం మీది గది.
యూరియా వాసన మెట్లెక్కి వస్తది.
నా తెర మీద మాత్రం సముద్రం,
దాని నడుమ చింతగింజంత దీవి.

పని చిన్నదే.
పాత పటాల మీద చక్కెర మిల్లు ఎక్కడుంటే
అక్కడొక చుక్క పెట్టాలె.
చుక్కకు రూపాయి పావలా.

మొదటి పటంల గాలిమరను బొమ్మే గీసిండెవడో:
నాలుగు రెక్కలు, కింద తలుపు,
తలుపు ముందర నల్లచీమంత మనిషి.
నలభై ఏండ్ల తర్వాతి పటంల మనిషి లేడు,
రెక్కలు ఇంటూ గుర్తయినయి.
ఆ తర్వాతి దాంట్ల ఒట్టి సున్న.
ఇంకో దాంట్ల సున్న పక్కన
'శిథిలం' అని దోమకాళ్ల రాత.
ఉపగ్రహం చూసేసరికి
చెట్ల మధ్య గుండ్రటి నీడ,
బావి అనుకుంటే బావి.

ఒక పటం మీద ఇంకో పటం కుదురుగ కూసోదు.
ఒడ్డు జరుగుతది. వాగు వంకర మారుతది.
మిల్లు ఒకసారి పోయి సముద్రంల తేలింది.
సర్వే ఆఫీసుల గొలుసు లాగి లాగి
రిటైరైన మొయినుద్దీన్ సార్
నా కుర్చీ ఎనక నిలబడి అన్నడు:
"కదలనిదాన్ని పట్టుకో బిడ్డా.
గుట్టనో, రెండు తొవ్వలు కలిసే కాడనో.
మిగతా కాగితమంతా దానెంట నడిచొస్తది."

నడిచొచ్చింది.
మిల్లుతో పాటు, మిల్లు ఎనక వరుసగ
నువ్వుగింజలంత చదరాలు.
లెక్కపెట్టిన, నలభై మూడు.
చెరుకు మడికి పేరుంది,
దొర గుర్రాల కొట్టానికి పేరుంది,
వీటికి లేదు. గుర్తుల పట్టికల కూడ లెవ్వు.
చదరాలకు పైసలియ్యరు.

అన్నం డబ్బా మూత పెట్టుకుంట సార్ చెప్పిండు,
ఆ దేశాల చెరుకు నలిపే ఇనుప దిమ్మెల పక్కన
గొడ్డలొకటి నూరి పెట్టేటోళ్లట.
చెరుకు నరికేందుకు కాదు.
రాత్రిపూట కునుకు పడ్డ చెయ్యి లోపలికి పోతే
మిల్లు ఆపరు.

ఆ దినం ఇంటికి పోయి
మాసమ్మ అవ్వ కుడిచెయ్యి చూసిన.
పుట్టినకాంచి చూస్తున్న చెయ్యే, మూడు వేళ్లది.
పదేండ్ల పిల్లగ గానుగల చెరుకు పెట్టిందట.
ఊరు గుండ్లకుదురు. ఊరిప్పుడు కృష్ణ కింద.

ఫోన్ల గాలిమర చూపిస్తే
"గాలి తిప్పుతదా? ఎడ్లకు సుఖమే" అన్నది.
తమలపాకు ఈనె తీసుకుంట, కొంచెం ఆగి,
"ఎడ్లకంటే అలుపొస్తది, ఇడుస్తరు.
గాలికి అలుపు రాదు గదనే.
మరి చెరుకందిచ్చేటోళ్లు ఎప్పుడు పండుకుంటరు?"

సార్ ఎక్కడ పట్టిండో,
బట్టకు అతికించిన నిజాం కాలపు ఊరి పటం,
కుడి నుంచి ఎడమకు ఏలు జరుపుకుంట సదివిండు.
ముప్పై ఏడో నంబరు మూలకు
చెదలు మిగిలిచ్చిన ఒక్క మాట: కొల్హు.
"గానుగ" అన్నడు.

వైశాఖంల నీళ్లు దిగినంక
అవ్వను ఆటోల, తర్వాత పడవల తీస్కపోయిన.
పగిలిన ఒండ్రు, ఎండిన గవ్వలు,
నా ఫోన్ల నీలిచుక్క.
ఈడనే, అని నేను నిలబడ్డ.
అవ్వ నా దిక్కు చూడనే లేదు.
గుట్టను చూసింది, ఏటి మలుపు చూసింది,
కట్టె పొడుచుకుంట నాలుగడుగులు తూర్పుకు జరిగి
మట్టిల మడిమెతోని తట్టింది.
రాయి పలికింది.

సోమవారం మళ్ల దీవి.
ఏం తోచిందో, చదరం చదరానికీ చుక్క పెట్టి పంపిన.
'అదనం, తొలగించండి' అని తిరిగొచ్చింది.
తొలగించిన.
తొలగించే ముందర ఇంకోసారి లెక్కపెట్టిన.
నలభై నాలుగు.