ఒక వేలు తక్కువ

కోయిల్‌సాగర్ కట్ట మీదికి ఆదివారం
పొద్దు పొడవక ముందే చేరతాం, గాలాలోళ్లం.
ఆర్టీసీ డిపోలో టైర్లు మార్చే నేను,
మక్తల్‌లో కిరాణా కొట్టు నడిపే మొగులప్ప,
పేరు చెప్పని ఒక లెక్కల సారు.
పల్లిచెక్క, తవుడు, ఇంత బెల్లం
రాత్రే పిసికి ముద్ద చేసుకుంటాం.
ఇంట్లో రొట్టెల పిండిని
ఇంత ఓపిగ్గా ఎప్పుడైనా తడిపామా అంటే,
లేదు.

తూము పక్కన బండ మీద ఊశమ్మ.
చేపల సంఘం ఆమె చేతికిచ్చింది
విరిగిన పుట్టి తెడ్డు ఒక్కటే.
దాని మీద జానెడున్నర దూరాన మేకుతో గీసిన గాటు,
గాటులో ఎర్రరంగు,
ఎవరి గడపకో పూయగా మిగిలింది.
"మూతి ఈడ, తోక గాడ.
గీత ముట్టిందే నీది.
ముట్టకుంటే సాగర్‌ది."

వలలకూ అదే చట్టమట.
బొటనవేలు పట్టే కన్నులు పోయి
నాలుగువేళ్లు దూరే కన్నులొచ్చాయి.
అంతకు ముందు మూడేండ్లు
కిలోకు ఇరవై తూగేవట చేపలు.
"చేపలా అవి? చింతాకులు.
పులుసుల ఏడున్నయో దేవులాడుకొని తినాలె."

ఎనిమిది దాటింది.
నా బెండు మునగలేదు, ఊగలేదు,
ఎవరో పిలిచినట్టు మెల్లగా పక్కకు నడిచింది.
గుంజాను.
తంగూసు కూసింది, కర్ర వంగింది,
మొగులప్ప బీడీ పారేసి లేచి నిలబడ్డాడు.
రవ్వ.
పొలుసు పొలుసుకూ సన్నని ఎర్ర అంచు,
అప్పుడే కుట్టు విప్పిన కొత్త చీరలాగా.

తెడ్డు మీద పరిచాను.
గీతకు ఒక వేలు ఇవతల ఆగింది తోక.
చూపుడువేలూ బొటనవేలూ కలిపి
తోక రెక్కలు రెండూ దగ్గరికి నొక్కాను.
అట్లా నొక్కితే వేలెడు పొడుగొస్తుంది,
గాలాలోళ్లందరికీ తెలిసిన విద్య.
"తోక నొక్కకన్నా," అంది ఊశమ్మ, తలెత్తకుండానే.
"నొక్కితే గీత ముడుతది.
చేప పెరుగుతదా?"

పాలమూరు స్టేడియంలో, పదిహేనేండ్ల కింద,
పోలీసు ఉద్యోగానికి ఎత్తు కొలిచే కట్టె కింద
నిలబడ్డాను నేను, జుట్టులో మైనం ముద్ద దాచుకొని.
ముందు రాత్రంతా బండల మీద వెల్లకిలా పడుకున్నాను,
వెన్ను సాగుతుందని ఎవరో చెబితే.
పైనుంచి చెక్క టక్కున దిగింది.
మైనం నలిగింది.
"ఒక వేలు తక్కువ. నెక్స్ట్."
ఆ వేలు ఎక్కడ దొరుకుతుందో
చాన్నాళ్లు వెతికాను.

"చెయ్యి తడుపుకో ముందుగాల.
ఎండు చెయ్యి దానికి మంట."
తడుపుకున్నాను.
"ఇంకొక్క వాన సూడలె ఇది.
వొచ్చే మిరుగుకు పెద్దవాగు దుంకితే
ఎదురీదాలె, గుడ్డు పెట్టాలె.
గప్పుడు రా, నేనే ఇస్త."
కొలిచేటోళ్లు ఇట్లా మాట్లాడటం
నేను వినడం ఇదే మొదలు.
తక్కువన్న మాటకు
ఇంకా ఉండమనే అర్థం కూడా
ఉంటుందా?

మోకాలి లోతు నీళ్లలో పట్టుకొని నిలబడ్డాను.
అది కదల్లేదు. మొప్పలు తెరిచింది, మూసింది.
చచ్చిందేమో అనుకున్నాను.
ఉన్నట్టుండి నా అరచేతిని తోకతో కొట్టి,
మొహం నిండా నీళ్లు చిమ్మి,
పోయింది.
కృతజ్ఞత గిట్ల ఏమీ లేదు.
లెక్కల సారు మొదటిసారి నవ్వాడు.

దేవరకద్ర గేటు పడి ఉంది.
గూడ్సు బండి పోయేదాకా బండి మీద కూర్చొని
ఖాళీ సంచి విప్పి, మళ్లీ మడిచాను.
ఇంటికెళితే మా ఆవిడ అడుగుతుంది, దొరకలేదా అని.
దొరికింది, పొడుగు చాలలేదంటాను.
ఆమె నా తల వైపు చూసి
నవ్వు ఆపుకుంటుంది, నాకు తెలుసు.
గడియారం పట్టీకి ఒక పొలుసు అంటుకొని ఉంది.
గీకబోయి
ఆగాను.