చీటీ చాలు

టంగుటూరులో రాత్రి పదకొండున్నర.
వేలంకేంద్రం వెనక గదిలో ఏసీ చలి,
గోడకవతల పొగాకు ఘాటు.
పాత డిస్కుల మీది పదేళ్ల పద్దులు
అదే పెట్టెలో కొత్త అరకి మారాలి.

మొన్నటిదాకా నేనే మోశాను.
ప్రతి ముక్కనీ పైకి పిలిచి
సర్వరు జ్ఞాపకంలో ఒక్క క్షణం కూచోబెట్టి
మళ్లీ అదే తీగ మీద
అదే పెట్టెలోకి దించేదాన్ని.
తెల్లారి రైతు నంబరు కొడితే
తెర నీళ్లు నమిలేది.

రాత్రి లోడు దించడానికొచ్చిన
హమాలీ మేస్త్రి మాల్యాద్రి ఒకసారి చూశాడు.
చేతిలో టీ గ్లాసు, భుజాన గోనెపట్టా.
"ఏందమ్మే, మూడో వరసలో బేలుని
ఏడో వరసలో పెట్టటానికి
గేటుదాకా మోసుకొచ్చి, కాటా ముందు నిలబెట్టి
మళ్లీ లోపలికి మోస్తావా?
గోడౌన్లో ఉన్నోడికి చీటీ పంపితే పోలా?"

పోతుంది మేస్త్రీ. ఇప్పుడు పోతుంది.
కొత్త ఆపరేటింగ్ సిస్టం చీటీ రాయడం నేర్చింది.
ఇక్కణ్ణించి ఇంత, అక్కడికి, అంతే.
పెట్టె ఒక టోకెన్ ఇస్తుంది,
ఆ టోకెన్ తిరిగి చూపిస్తే
తనలో తనే సర్దుకుంటుంది.
తీగ మీద చీమంత కబురు తప్ప ఏమీ నడవదు.
ప్రాసెసరు గ్రాఫు
మే నెల పాలేరు వాగులా అడుగంటింది.

అన్ని చీటీలూ చెల్లవు.
టోకెన్‌కి గడువుంది, దాటితే చిత్తుకాగితం.
రెండు పెట్టెలు రెండు కంపెనీలవైతే
ఒకదాని చేతిరాత ఇంకోదానికి అంతుపట్టదు.
అప్పుడు సిస్టం గొణగదు,
తువ్వాలు తలకి చుట్టి పాతపద్ధతిలో మోస్తుంది.
నాకు చెప్పను కూడా చెప్పదు.
గ్రాఫు లేచి నిలబడ్డాక తెలుస్తుంది
లోపలెవరో చీటీ తీసుకోలేదని.

ఇంకా గడుసు పెట్టెలున్నాయి,
అవి మోయనే మోయవు.
ఒకే సరుక్కి రెండు పేర్లు రాసి
ఎవరన్నా దిద్దినప్పుడు చూద్దాంలే అంటాయి.
ఇది చెప్తే మాల్యాద్రికి టీ పొలమారింది.
"ఒక బేలుకి రెండు లాటు నంబర్లా!
మా ప్లాట్‌ఫారం మీదైతే జైలేనమ్మే."

ఒంటిగంట పది. అయిపోయింది.
ఇదివరకు ఫైళ్ల పేర్లు కళ్లముందు పాకేవి:
కారుమంచి అంకమ్మ, మర్లపాడు ఖాసింపీరా,
జమ్ములపాలెం వాళ్ల ముగ్గురన్నదమ్ములు
మూడు వేర్వేరు లైసెన్సులు.
నిద్ర ఆపుకోడానికి చదువుకునేదాన్ని.
ఈ రాత్రి ఎవరూ నా ముందునించి పోలేదు.
సరిపోయింది అని మాత్రం రాసింది తెర.

మనసొప్పక ఒకటి తెరిచాను.
ఆలకూరపాడు ఏసోబు,
పదేళ్ల కిందటి మార్చి,
నూట ఇరవై ఏడు కిలోలు, రంగు తక్కువ.
ఆనాటి గుమాస్తా తొందరలో
'ఏసోబు'ని 'ఏసొబు' అని కొట్టాడు.

కొత్త అరలోనూ
ఏసొబే ఉన్నాడు.
లైటార్పాను.