ఒక్కసారే దిద్దుబాటు

చెన్నై మణ్ణడిలో మా జిరాక్స్ కొట్టు
ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు.
ఆ ఆగస్టులో దేశాల సరిహద్దులన్నీ
అందులోంచే దూరి పోయేవి,
పేజీకి రెండు రూపాయలు, కలరైతే పది.

పొద్దున షట్టరెత్తేసరికి
మెట్టు మీద కూర్చునుంది ఓబులమ్మ.
రాయచోటి నుంచి రాత్రి బస్సు.
గుడ్డ మాస్కు గడ్డం కిందికి జారి,
ఒళ్ళో ప్లాస్టిక్ కవరు,
కవర్లో కవరు, దాంట్లో ఇంకో కవరు,
ఆఖరి దాంట్లో పాస్‌పోర్టు.

"సూది రెండు తూర్లు ఏపించుకుంటి మ్మా.
కువైటోళ్ళ యాప్‌లో మాత్రం
ఎర్రంగానే చూపిస్తాంది."

ఆ మందుకు ఇక్కడొక పేరు, అక్కడొక పేరు.
మన పేరు రాస్తే అది మందే కాదట.
వాళ్ళ పేరు రాస్తే
అదే సీసా, అదే సూది, అదే భుజం,
అప్పుడు నమ్ముతారట.
"ఆడ మా మేడమ్ నన్ను ఆమినా అంటాది,
నోరు తిరగక. అట్టాంటిదేనా?"
అట్టాంటిదే, అన్నాను.

రెండో సూదికి మాకు ఎనభై నాలుగు రోజులు ఆగమన్నారు.
సముద్రం దాటేవాళ్ళకు ఇరవై ఎనిమిదే.
దాటేవాళ్ళ రక్తం తొందరగా నేర్చుకుంటుందేమో.
నాకు తెలీదు.
నాకు పాస్‌పోర్టు లేదు.

పేరు గొడవ ఢిల్లీవాళ్ళు చూసుకుంటారు.
అసలు ముడి పుట్టిన సంవత్సరం దగ్గర.
పాస్‌పోర్టులో డెబ్భై తొమ్మిది:
ముప్పై నిండనిదే ఇంటిపనికి పంపరని
ఏజెంటు ఆరేళ్ళు ఉదారంగా కలిపాడు.
ఆధార్‌లో ఎనభై అయిదు:
అది మీసేవ కుర్రాడి అంచనా.
ఆమెనడిగితే,
"చెయ్యేరు పొంగి మా మేకలు కొట్టకపోయిన యేడు.
మాపటేళ."

ఆ గడి కంప్యూటర్లో లేదు.

తెర మీద సన్నటి అక్షరాలు:
ఒక్కసారే మార్చుకోవచ్చు.

పోయిన నెల మస్తాన్‌వలికి
ఒక్క అక్షరం తప్పు కొట్టాను నేను.
ఒకే ఒక్క అక్షరం, తండ్రి పేరులో కూడా కాదు, ఆయన పేరులోనే.
విమానం పోయింది. ఆపైన వీసా పోయింది.
ఆయన తిట్టలేదు.
తిడితే బాగుండేది.

ఓబులమ్మ అకామాకు ఇంకా పదిహేడు రోజులు.
ఓటీపీ ఆమె మొగుడి ఫోనుకు పోతుంది,
అతను మేకల వెంట గుట్ట మీద.
నూట ఎనభై సెకన్లు.
"చెప్పు సామీ, తొందరగా చెప్పు."
"నాలుగు... సున్నా... ఆగు,
ఎండకు కనపళ్ళేదు...
మళ్ళా నాలుగు..."
వెనక మేకలు.
ఎనిమిదా, మూడా?
ఎనిమిదే. పక్కానా? పక్కా.
పదకొండు సెకన్లు మిగిలాయి.

డెబ్భై తొమ్మిది కొట్టాను.
కొట్టి, పైకి చదివాను.
పాస్‌పోర్టు పక్కన పెట్టి వేలితో చదివాను.
ఆమె చేత కూడా అంకెలు చదివించాను.
బటన్ నొక్కేముందు ఆమె అడిగింది,
"అయితే ఆ ఆరేండ్లు యాడ బతికినట్టు నేను?"

నొక్కాను.

ప్రింటర్ దగ్గి, ఆగి, దగ్గి
వేడి కాగితాన్ని బయటికి తోసింది.
ఆమె ఆరబెట్టుకుంటున్నట్టు
రెండు చేతుల మీదా పట్టుకుని నిలబడింది.
"ఇంకోటి తీయి. ఇంట్లో పెడతా.
నేను లేనప్పుడు చూసుకుంటాడు తలమాసినోడు."
ఫొటో లేదు కదా అందులో, అన్నాను.
"పేరుంది గదా."

కవర్లో కవరు, దాంట్లో ఇంకో కవరు.
లింగి చెట్టి వీధి మలుపు దాకా
అడుగడుక్కీ చంక తడుముకుంటూ పోయింది.

మధ్యాహ్నం మస్తాన్‌వలి వచ్చాడు.
ఇప్పటికీ వస్తాడు,
చెల్లని ఆ కాగితానికే ఒక జిరాక్సు.
ఎందుకని నేనడగను, ఆయన చెప్పడు.
డబ్బులొద్దన్నాను.
రెండు రూపాయల బిళ్ళ
బల్ల మీద పెట్టి
చప్పుడు కాకుండా వేలితో నా వైపు జరిపాడు.