దీర్ఘం

మెల్‌బోర్న్ పడమటి కొసన, సన్‌షైన్‌లో,
రైలు పట్టాల వెనక రేకుల షెడ్డు మా ప్రెస్సు.
మంగళవారం రాత్రి లాత్వియా వాళ్ల వారపత్రిక,
బుధవారం రష్యన్ వాళ్లది.
మధ్యలో యంత్రం కడగం.
సిరా అదే, కాగితపు చుట్టా అదే,
నా గోళ్ల సందుల్లో నలుపూ అదే.

ఆ రెండు భాషలూ నాకు రావు.
అక్షరాల్ని ఇటుకల్లా పేరుస్తాను,
గడిలో పడితే చాలు.

మే మొదటివారం ఇద్దరూ ఒకే ఫొటో పంపారు.
రీగా వీధి. ట్యాంకు. మీద దుమ్ముకొట్టుకున్న కుర్రాడు.
మునివేళ్ల మీద లేచి పువ్వులందిస్తున్న పిల్ల.
కుడివైపు మేడమీద సగం లాగిన కిటికీ తెర,
తెర పట్టుకున్న చెయ్యి.

అర్కాదీ గారు పెన్సిల్‌తో గీత గీశారు:
పిల్ల దాకా చాలు.
స్కైద్రీతె గారు ఫోన్ చేశారు:
పిల్ల వద్దు, కిటికీ పెద్దది చెయ్యి.
ఆయన శీర్షికలో విముక్తి,
ఆవిడ శీర్షికలో ఆక్రమణ.
అడిగితే ఇద్దరూ తేదీలు వేళ్లు మడిచి మరీ చెప్పారు.
నా కంప్యూటర్లో మాత్రం
పిల్లా, ఆ చెయ్యీ ఇంకా ఒకే వీధిలో ఉన్నాయి,
ఫైలు మూసేదాకా.

నేనేం తక్కువ తిన్నానా?
గుడివాడలో, ఆరో తరగతిలో,
ఆ దేశం నించి వచ్చే నున్నటి పత్రికలు
చిత్తుకాగితాల కొట్లో కిలోల లెక్కన కొని
పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్లం.
నా లెక్కల నోటుబుక్కు మీద ట్రాక్టరెక్కిన అమ్మాయి,
నెత్తిన రుమాలు, మొహమంతా నవ్వు.
ఆమె గుండెల మీద లేబులంటించి
పేరు, తరగతి, సెక్షన్ రాసుకున్నాను.
లోపలన్నీ తప్పుడు కూడికలే.
అట్ట మటుకు ఏడాదంతా చిరగలేదు.

ఇది చెబితే స్కైద్రీతె గారు
ప్రూఫు మీంచి కళ్లెత్తలేదు.
"నవ్వుతోందా?"
"ఆఁ."
"పళ్లు కనపడేలాగా?"
"ఆఁ."
ఎనభై నాలుగేళ్ల మనిషి.
వారమంతా ఫుట్‌స్క్రేలో బడి గదులూడ్చి
శనివారాలు అదే బడిలో పిల్లలకి తన భాష నేర్పారట.
ఆ పిల్లల పిల్లలిప్పుడు
ఫుటీ స్కోర్లకి వేరే పేపరు కొంటారు,
దీన్ని చావుకబుర్ల కోసం తిరగేస్తారు.

ఎర్రపెన్నుతో ఒక అక్షరం చుట్టూ సున్నా చుట్టారు.
"నెత్తిమీద గీత పోయింది చూడు.
గీత లేకపోతే మాటే మారిపోతుంది."
దీర్ఘం! చప్పున వెలిగింది నాకు.
మాకూ అంతేనండీ,
దీర్ఘం రాలితే కాలం కాస్తా కలమైపోతుంది.
అర్థం విప్పి చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.
కోటు బొత్తాలు పెట్టుకుంటూ,
గుమ్మం దగ్గర, నాతో కానట్టు,
"ఆ డాలియాలు ఎర్రవి కావు.
పసుప్పచ్చవి," అన్నారు.

నలుపు తెలుపు ఫొటో అది.

బుధవారం రాత్రి అర్కాదీ గారి మొదటి పేజీలో
ఆ పువ్వులు నల్లగా అచ్చయ్యాయి,
నాలుగువందల యాభై ప్రతులు.
తడి ఆరకముందే కట్టలు కట్టాను.
ఒకటి విడిగా దాచాను, ఎందుకో.