ప్రాజెక్ట్ రిపోర్టు, ఏడో పేజీ

కావలి ట్రంకురోడ్డులో, బ్యాంకు మెట్ల పక్కన
ఏడడుగుల కొట్టు నాది.
కంపెనీలు పుట్టేది ఇక్కడే.
పేజీకి పదిహేను, గళ్లుంటే ఇరవై.

కొమారి పెంచలరత్నం వచ్చింది,
ఇస్కపల్లి నుంచి, మధ్యాహ్నం బస్సుకి.
చేతిసంచిలో మేత కంపెనీ క్యాలెండరు,
దాని వీపునిండా పెన్సిలు లెక్కలు.
రొయ్యల గుంటలకి నీళ్ల పరీక్ష, జబ్బు పరీక్ష.
ఎనిమిదేళ్లు గూడూరులో ఎవరి ల్యాబులోనో
గాజుగొట్టాలు కడుగుతూ కడుగుతూ
వాటిల్లో ఏముందో చదవడం నేర్చిన మనిషి.

పాత ఫైలు తెరిచాను.
పేరు మార్చు, ఊరు మార్చు, మిషను ఖరీదు మార్చు.
ఎవరి ఆశైనా ఈ మూసలో పట్టేస్తుంది.

"అయిదేళ్ల అంచనా కావాలమ్మా, బ్యాంకోళ్లకి."
నవ్వింది.
"మా కాడ నూటిరవై రోజులు దాటి
ఎవురూ ఏదీ అనుకోరన్నా.
రేత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
తెల్లారేదాకా కూడా అనుకోరు."
అయినా అయిదు గళ్లూ నింపాం,
నా వేళ్లకి అలవాటైన ఎగువదారిలో.

రాని బాకీలు ఎంత శాతం?
శాతం చెప్పలేదు, పేర్లు చెప్పింది:
వాయల మస్తాను, పోలయ్య, సీతారామపురం అన్నదమ్ములు...
"పంట పోయినోణ్ణి ఫీజెట్టా అడిగేది?"
పద్నాలుగు అని కొట్టాను.

ఈ వ్యాపారమే ఎందుకు?
ఆ గడి దగ్గర చాలాసేపు ఫ్యాను చప్పుడు.
"మా గుంట శాంపిలు ఐసుడబ్బాలో పెట్టి నెల్లూరు బస్సెక్కించినాం.
డ్రైవరు మంచోడే. ఇయ్యడం మర్సిపోయినాడు.
మూడోరోజు వచ్చింది రిపోర్టు.
రెండోరోజే గట్టునిండా కాకులు."
'స్థానిక అవసరం దృష్ట్యా' అని రాశాను.
అంతకన్నా మాట నా ఫైల్లో లేదు.

ప్రింటు తీస్తే పద్దెనిమిది పేజీలు.
డబ్బులిచ్చి పోతుందనుకున్నా. కూర్చుంది.
వరస కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ.
మూడున్నర బస్సు పోయింది.
ఏడో పేజీలో వేలు ఆగింది:
'ముడిసరుకు: అడ్డాకులు, పేపరు ప్లేట్లు.'

పోయిన నెల బుచ్చిరెడ్డిపాళెం వాళ్లది,
చెరపడం మరిచాను.
ఆరేళ్లలో ఏ మేనేజరూ ఇట్లాంటివి పట్టలేదు.

"తెల్లమచ్చ ఎతికే కన్నన్నా ఇది," అంది, కోపం లేకుండా.
"అది తీసెయ్. దాంతోబాటు
రాని బాకీలు ఇరవై రెండు చెయ్యి.
పద్నాలుగంటే నాకే నమ్మకం లేదు."

కంపెనీ పేరు గడి ఖాళీగానే ఉంది.
ఫోన్లో చెబుతానని అయిదింటి బస్సెక్కింది.

రాత్రి పదకొండుకి మోగింది.
వెనక ఎవరి గుంటదో, ఏరేటర్ల హోరు.
పేరు సరిగ్గా వినపడలేదు.
మళ్లీ చెప్పమన్నాను.