సున్నా రియాళ్ళ పని

సోహార్ రేవు పక్కన, ఆరో నంబరు షెడ్డు వెనక,
పద్దెనిమిది డిగ్రీల చలిలో నిలబడి ఉంటుంది
నల్ల బీరువా లాంటి మా మెయిన్‌ఫ్రేమ్.
లోపల నడిచేదంతా ఎవరెవరో రాసి ఊరందరికీ ఇచ్చేసిన లినక్స్.
బయట నలభై ఏడు.
నేను స్వెట్టరు వేసుకుని ప్రొద్దుటూరు ఎండల్ని చిన్నచూపు చూస్తుంటాను.

ఖల్ఫాన్ సాబ్ వచ్చాడు ఏప్రిల్‌లో.
మూడువేల ఏడువందల మందికి ఒక్కసారే ఉత్తరం పోవాలి,
ఎండ హద్దు దాటిన రోజు క్రేన్లు దిగమని చెప్పాలి.
బడ్జెట్ ఎంతంటే వేళ్ళు గుండ్రంగా చుట్టి చూపించాడు.
"బలాష్."
ఊరికే వచ్చేదీ, స్వేచ్ఛ ఉన్నదీ ఒకటి కాదు సాబ్, అన్నాను.
ఆయన భాషలోనూ వాటికి రెండు మాటలున్నాయి.
కాసేపు ఆలోచించి, రెండూ ఉన్నదే వెతుకు అని
టీ తాగడానికి పోయాడు.

పేరుమోసిన పాతదొకటి దొరికింది.
రాసినాయన పదకొండేళ్ళ కింద చివరి చుక్క పెట్టి ఎటో పోయాడు.
సంతకం కింద "త్వరలో" అని ఉంది.

ఇంకొకటి సింగారి. రంగులు, బటన్లు, గ్రాఫులు.
నలభై ప్యాకేజీల బలగాన్ని వెంటేసుకొచ్చింది,
అందులో ఒకటి మా గుమ్మం దగ్గరే అలిగింది.
మా యంత్రం అంకెను పెద్ద కొస నుంచి రాస్తుంది,
అది చిన్న కొస నుంచి చదువుతుంది.
రొడెల్ రెండు రాత్రులు బతిమాలాడు.
కుడి నుంచి ఎడమకి బోర్డులు,
అదే బోర్డులో ఎడమ నుంచి కుడికి ఫోన్ నంబర్లు
రోజూ చదువుకునే ఊళ్ళో ఉన్నాం,
ఇదొక లెక్కా అనుకున్నాం.
లెక్కే.

చివరికి మిగిలింది చిన్నది. మొహమంటూ లేదు దానికి.
కంపైలు చేస్తే ఒక్క హెచ్చరిక గొణిగి ఊరుకుంది.
పరీక్షకి దస్తగిరికి పంపాను,
ముప్పై మీటర్ల ఎత్తున క్రేను గదిలో కూర్చునే మా జిల్లా పిల్లోడికి:
"ఎండ ముదిరింది, దిగు."
ఫోన్ చేశాడు.
"అక్కా, అన్నీ ప్రశ్న గుర్తులే వచ్చినాయి. ఏమడుగుతాండావు?"
ఒక్క సెట్టింగు మార్చాను.
ఈసారి అక్షరాలు తలకట్లతో సహా పైకెక్కాయి.

నేను చూసింది నిజానికి అది కాదు.
పోతానన్నవాణ్ణి ఏం చేస్తావని అడిగాను మూడింటినీ.
పాతది పాస్‌వర్డ్ అడిగింది, ఏనాడో ఇచ్చి ఎవరికీ గుర్తులేనిది.
సింగారి ఎందుకు పోతున్నావని ఐదు గళ్ళు పెట్టి,
ఆపైన "నిజంగానా?" అంది.
చిన్నదానికి ఖాళీ ఉత్తరం చాలట.
కారణం వద్దు, జామీను వద్దు.

నివేదికలో "తేలిక, ఖర్చు లేదు" అని మాత్రం రాశాను.

ఆగస్టులో వచ్చింది మొదటి ఖాళీ ఉత్తరం. దస్తగిరిది.
కంపెనీ సొరుగులోంచి వాడి పాస్‌పోర్టు బయటికి రావడానికి నాలుగు నెలలు,
ఇక్కడ రెండు సెకన్లు.
యంత్రం జవాబిచ్చింది:
"మీరు జాబితా నుండి తొలగించబడ్డారు."
తర్జుమా నాదే, తొందరలో చేసింది.

మా వీధిలో అప్పు వసూలుకొచ్చినవాడు కూడా
పోతా అనడు, పోయొస్తా అంటాడు.

మూలం తెరిచాను. తెరవనిస్తుంది,
సాబ్‌కి చెప్పిన రెండో మాట అదే.
రెండువందల పదిహేడో వరస.
ఉన్నది కొట్టేసి "పోయిరాండి" అని పెట్టాను.
మళ్ళీ కంపైలు, మళ్ళీ అదే గొణుగుడు.

దస్తగిరికి మాత్రం పాత వాక్యమే అందింది.
ఇక్కడి నంబరు ఇక పలకదు,
జాబితాలో పేరు లేదు, దిద్దుకున్నది పంపే దారి లేదు.

రేపు నలభై తొమ్మిదంటున్నారు.
మూడువేల ఆరువందల తొంభైతొమ్మిది మందికి
ఉత్తరం సిద్ధంగా ఉంది.